40 వేల వరుసలు నింపే ముందు గుమస్తా పక్కన కూర్చోండి

"సీ షార్ప్‌లో క్వెరీ ఫలితాలను లిస్ట్‌వ్యూలో నింపుతున్నాను. 40 వేల వరుసలు వచ్చేసరికి విండో బిగుసుకుపోతోంది. వేగంగా నింపడం ఎలా?" అని మీరు అడిగారు. సీ షార్ప్ అంటే ప్రోగ్రాంలు రాసే భాష, క్వెరీ అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, లిస్ట్‌వ్యూ అంటే వచ్చిన జవాబులను వరుసలుగా చూపించే పెట్టె.

వేగంగా నింపే దారులున్నాయి, చెబుతాను. కానీ ఆ 40 వేల వరుసలు ఎవరు చదువుతారండీ?

2007 వేసవిలో గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి ప్రోగ్రాం రాసిచ్చాను. డాట్‌నెట్ 2.0 మీద నడిచేది, వెనకాల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 ఎక్స్‌ప్రెస్. ఫారం తెరిస్తే చాలు, సీజను మొత్తం లాట్లు (రైతులు దాచిన సరుకు లెక్కలు) లిస్ట్‌వ్యూలోకి వచ్చేస్తాయి. ఇంట్లో 200 వరుసలతో పరీక్షిస్తే రెప్పపాటులో వచ్చాయి. అక్కడేమో ఏప్రిల్ నెల, కిటికీ బయట రైతులు నిలబడి ఉన్నారు. అరవై ఏళ్ల గుమస్తా గారు ఫారం తెరిచారు. స్క్రీను తెల్లబడింది, పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడింది. ఆయన నన్నేమీ అనలేదు. సొరుగులోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి, "ఏ ఊరు పెద్దాయనా?" అన్నారు.

"పెదకూరపాడండి."

"ఇంటిపేరు?"

నాలుగు పేజీలు తిప్పారు. "లాటు 412, ముప్పై ఆరు టిక్కీలు." టిక్కీ అంటే మిర్చి బస్తా. అప్పటికీ నా స్క్రీను తెల్లగానే ఉంది.

ఆ మధ్యాహ్నమంతా ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ప్రతి రైతునీ ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు అడిగారు. ఒకే ఊళ్లో ఒకే పేరున్న వాళ్లు పదిమంది ఉంటారు మరి. లాటు నంబరు ఎవర్నీ అడగలేదు. నా ఫారంలో వెతకడానికి ఉన్నది మాత్రం లాటు నంబరు గడి ఒక్కటే!

ఆ రాత్రే మార్చాను. ఊరుకి ఒక గడి, ఇంటిపేరుకి ఒక గడి పెట్టి, రెండూ క్వెరీకి పారామీటర్లుగా, అంటే క్వెరీ వాక్యంలో కలపకుండా విడిగా ఇచ్చే విలువలుగా, పంపాను. అన్ని కాలమ్‌లూ తెచ్చే సెలెక్ట్ స్టార్ తీసేసి ఆయనకు కావలసిన ఐదు కాలమ్‌లే అడిగాను. ఏ ఊరు కొట్టినా ముప్పై నలభై వరుసలకు మించి రాలేదు, ఎంటర్ నొక్కగానే వచ్చాయి. వారం తిరిగేసరికి ఎర్ర పుస్తకం సొరుగులోనే ఉండిపోయింది. కంట్రోలు (లిస్ట్‌వ్యూ) అదే, కంప్యూటరూ అదే, మారింది క్వెరీ ఒక్కటే. అందుకే లిస్ట్‌వ్యూ నెమ్మది, దాని బదులు గ్రిడ్ అనే పట్టిక కంట్రోలు పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లతో నేను ఒప్పుకోను.

ఇక మీరడిగింది. లిస్ట్‌వ్యూ ఎలా కనిపించాలో చెప్పే వ్యూ ప్రాపర్టీని డీటెయిల్స్‌లో పెట్టండి, లేకపోతే కాలమ్‌లు కనిపించవు. మొదటి కాలమ్ ఐటెమ్, మిగతావి సబ్‌ఐటెమ్స్. ప్రైమరీ కీని (ప్రతి వరుసనూ విడిగా గుర్తుపట్టే విలువ) ఐటెమ్ ట్యాగ్‌లో దాచుకోండి. వరుసలన్నీ ముందు ఒక అర్రేలో తయారుచేసుకుని, బిగిన్‌అప్‌డేట్, ఎండ్‌అప్‌డేట్ (తెర గీయడాన్ని ఆపేది, మళ్లీ మొదలుపెట్టేది) మధ్య యాడ్‌రేంజ్‌తో అన్నీ ఒక్కసారే కలపండి. నిజంగానే వేల వరుసలు తప్పకపోతే వర్చువల్‌మోడ్ ఉంది: వర్చువల్‌లిస్ట్‌సైజ్‌లో లెక్క చెబితే, కనిపించే వరుసలనే రిట్రీవ్‌వర్చువల్‌ఐటెమ్ ఈవెంట్‌లో అడుగుతుంది. అయితే అందులో సార్ట్ (వరుసలను క్రమంలో పెట్టడం) పని చెయ్యదు, క్వెరీలోనే క్రమం చెప్పే ఆర్డర్ బై పెట్టుకోవాలి.

మామూలు మోడ్‌లోనూ సార్టింగ్‌తో జాగ్రత్త. లిస్ట్‌వ్యూకి అన్నీ అక్షరాలే. లాటు 1003 వచ్చి 412 పైన కూర్చుంటుంది. రోజు ముందు రాసే తేదీల్లో మే 3 వెళ్లి ఏప్రిల్ 21 పైన పడుతుంది. లిస్ట్‌వ్యూఐటెమ్‌సార్టర్‌కి మీ సొంత పోలిక రాసివ్వాల్సిందే.

ఇంకొకటి నాకు బాగా మంటపుట్టించే సంగతి. రైతుల పేర్లు తెలుగులో పెడితే ప్రశ్నార్థకాలు వస్తున్నాయని, లిస్ట్‌వ్యూకి తెలుగు రాదని నాతో చాలామంది వాదించారు. డాట్‌నెట్ లిస్ట్‌వ్యూకి తెలుగు శుభ్రంగా వస్తుంది. కాలమ్‌ని మామూలుగా తెలుగు పట్టని వార్‌చార్ రకంగా పెట్టినప్పుడో, తెలుగు పట్టే ఎన్‌వార్‌చార్ పెట్టి కూడా డేటా ఎక్కించే ఇన్సర్ట్‌లో కొటేషన్ ముందు 'ఎన్' మర్చిపోయినప్పుడో పేరు డేటాబేస్‌లోకి వెళ్లేటప్పుడే చెడిపోతుంది. అలా పోయిన పేరు మళ్లీ రాదు, రైతుని పిలిచి అడిగి కొత్తగా ఎక్కించాల్సిందే. పారామీటర్లు వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇంగ్లీషులో పేరు రాస్తే పోల్చుకోలేని రైతు, తన పేరు తెలుగులో కనబడితే స్క్రీను మీదే వేలు పెట్టి "ఇదే నాది" అంటాడు.

మీ ప్రోగ్రాం ఎవరు వాడతారో, వాళ్లు మొదట ఏమడుగుతారో రాయలేదు. అది చెప్పండి, క్వెరీ ఎలా ఉండాలో కలిసి చూద్దాం.