పిల్లల కబుర్లు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన కబుర్లన్నీ చదివాను, కొన్నిటిని మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాను. ముందు మంచిమాట చెప్పేస్తాను, తిట్లు ఎలాగూ తర్వాత ఉన్నాయి. నీకు చెవి ఉంది. మూడేళ్ళ పిల్ల మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడ ఆగుతుందో, ఆగి ఎటు దూకుతుందో నువ్వు పట్టుకోగలవు. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. తక్కినదంతా నేర్చుకోవచ్చు కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదువు.

నన్ను ఇబ్బంది పెట్టింది ఒకటే. పిల్ల ఇంకా నోరు తెరవకముందే నువ్వు నవ్వేస్తున్నావు. "మా చిట్టి బంగారం ఏం చేసిందో వింటే మీ పొట్ట చెక్కలవుతుంది" అని మొదలుపెడితే, చదివేవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు, ఏదీ, నవ్వించు చూద్దాం అని. బుజ్జి చేతులు, ముద్దు మాటలు, అమాయకపు చూపులు, వీటన్నిటినీ తీసెయ్. ఎవరింట్లో పిల్లల చేతులైనా బుజ్జిగానే ఉంటాయి. పిల్లలు చేసే పనుల్లో మనకి నవ్వు ఎందుకొస్తుందంటే వాళ్ళు మనల్ని నవ్వించడానికి చెయ్యట్లేదు కాబట్టి. ఆడిట్‌కి వచ్చిన ఆఫీసరు కూడా అంత సీరియస్‌గా ఉండడు. ఆ సీరియస్‌నెస్‌ని నువ్వు కూడా సీరియస్‌గా రాస్తే చాలు, నవ్వు దానంతటదే వస్తుంది.

దాగుడుమూతల సంగతే తీసుకో. మీ పాప కర్టెన్‌లో మొహం దాచుకుంది, వీపూ కాళ్ళూ బయటే ఉన్నాయి, నువ్వు "ఎక్కడున్నావమ్మా" అన్నావు, తను "ఇక్కడ లేను" అంది. ఇంతవరకూ ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఆ వెంటనే "ఎంత అమాయకత్వం!" అని రాశావు చూడు, కథ అక్కడే చతికిలబడింది. ఆ పిల్ల అమాయకంగా ఏం లేదు, చాలా పద్ధతిగా ఆలోచించింది. తనకి నువ్వు కనబడట్లేదు, అంటే నీకు తను కనబడకూడదు. పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పాలని నువ్వే నేర్పావు, చెప్పింది. ఇందులో తప్పెక్కడుంది?

ఎదుటివాడి తలలో ఉన్నది మన తలలో ఉన్నది కాకపోవచ్చు అన్న సంగతి పిల్లలకి నాలుగేళ్ళు దాటే ప్రాంతంలో గాని సరిగ్గా పట్టుబడదట. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక చిన్న కథతో పరీక్షించారు. ఒక పిల్లాడు చాక్లెట్ ఒక అల్మరాలో పెట్టి బయటికి వెళ్తాడు. వాడు లేనప్పుడు వాళ్ళమ్మ దాన్ని ఇంకో అల్మరాలోకి మారుస్తుంది. వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? అని అడిగితే, బాగా చిన్నపిల్లలు అమ్మ మార్చిన చోటే వెతుకుతాడని చెప్తారు. తమకి తెలుసు కదా, మరి వాడికి తెలియకపోవడమేంటి! ఇది తెలిశాక, ఫోన్‌లో తాతయ్య "బాగున్నావా" అంటే మాట్లాడకుండా గట్టిగా తలూపి ఫోన్ నీకిచ్చేసే పిల్లాడి గురించి నువ్వు రాసే వాక్యం మారిపోతుంది. వాడి దృష్టిలో వాడు చెప్పాడు. తాతయ్యే చూసుకోలేదు.

నువ్వు మనస్తత్వశాస్త్రం పాఠాలు రాయమని కాదు నేను అనేది, దయచేసి రాయకు. నువ్వు తెలుసుకుని ఉండు, అంతే. పిల్ల లెక్క నీకు అర్థమైతే నీ వాక్యం పిల్ల పక్కన నిలబడుతుంది. అర్థం కాకపోతే పైనుంచి వంగి చూసి బుగ్గ గిల్లుతుంది. చదివేవాళ్ళకి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

నీ బిస్కెట్ కబురు కూడా ఇలాగే పాడైంది. ఇంకోటి కావాలని మారాం చేస్తుంటే ఉన్నదాన్నే రెండు ముక్కలు చేసి ఇచ్చావు, పిల్ల రెండొచ్చాయని వెళ్ళిపోయింది. బాగుంది. బిస్కెట్ విరిచినా, నీళ్ళు పొడుగు గ్లాసులో పోసినా ఉన్నది అంతే ఉంటుందన్నది పిల్లలకి ఆరేడేళ్ళ దాకా తేలదని పిల్లల ఆలోచనల మీద పరిశోధించిన పియాజే అనే మనస్తత్వవేత్త ఎప్పుడో చూపించాడు. ఆయన తన ముగ్గురు పిల్లల్నీ కూర్చోబెట్టుకుని పసితనం నుంచీ గమనించి రాసుకున్నవాడు. కానీ అసలు కథ నువ్వు వదిలేశావు. నీ చివరి లైన్లో ఎక్కడో ఇరికించావు, మర్నాడు అదే పిల్ల బిస్కెట్ విరిగిందని ఏడ్చిందని, అతికించమందని. తమ్ముడూ, కథ అదీ! నిన్న ముక్కలు చేస్తే లాభం, ఇవాళ ముక్కలైతే సర్వనాశనం. నువ్వు ఆ రెండు ముక్కల్నీ పట్టుకుని, అతికించలేమని తెలిసీ, అతికించడానికి ప్రయత్నించినట్టు నటిస్తూ ఎంతసేపు నిలబడ్డావు? ఆ సమయంలో నీ మొహం ఎలా ఉంది? దాన్ని రాయి. పిల్లల కబుర్లలో సగం నవ్వు పెద్దవాళ్ళ మీదే ఉంటుంది, ఆ సగాన్ని నువ్వు మొహమాటపడి దాచేస్తున్నావు.

నోట్సు రాసుకుంటున్నావా? జ్ఞాపకం ఉంటుందిలే అనుకోకు. పిల్ల అన్న మాట సాయంత్రానికి కొంచెం నున్నబడుతుంది, ఎవరికైనా ఒకసారి చెప్తే ఇంకొంచెం నున్నబడుతుంది, వారానికి అది పిల్ల మాట కాదు, నీ జోకు. తేదీ వెయ్యి, వయసు నెలలతో సహా వెయ్యి, అన్న మాట అన్నట్టు రాయి, దానికి ముందు నువ్వేమన్నావో కూడా రాయి. ఈ పనిని డార్విన్ చేసినట్టు ఎవరూ చెయ్యలేదనిపిస్తుంది నాకు. పరిణామ సిద్ధాంతం డార్వినే. ఆయన పెద్దకొడుకు 1839 డిసెంబరులో పుట్టాడు. వాడు ఎప్పుడు తుమ్మాడు, ఎప్పుడు కోపం తెచ్చుకున్నాడు, దేనికి భయపడ్డాడు అన్నీ రాసుకున్నాడాయన. దాన్ని వ్యాసంగా అచ్చు వేయించింది 1877లో, 'మైండ్' అనే పత్రికలో. అప్పటికి పిల్లాడికి ముప్ఫయ్యేడేళ్ళు! అందులో ఒకటి చెప్తాను. రెండేళ్ళ ఏడున్నర నెలల వయసులో వాడు భోజనాల గదిలోంచి బయటికొస్తూ తండ్రికి ఎదురుపడ్డాడు, కళ్ళు అదో రకంగా మెరుస్తున్నాయి, వాలకం తేడాగా ఉంది. లోపల ఎవరున్నారా అని వెళ్ళి చూస్తే ఎవరూ లేరు, వద్దన్న పంచదార పొడి తిని వస్తున్నాడు. ఇంకో రెండు వారాలకి మళ్ళీ అదే గది దగ్గర దొరికాడు, ఈసారి గౌను మీద వేసే గుడ్డని జాగ్రత్తగా చుట్టిపెట్టుకుని. ఏముంది చూపించమంటే ఏమీ లేదన్నాడు, పైగా "వెళ్ళిపో" అని తండ్రికే ఆర్డర్లు వేశాడు. విప్పి చూస్తే పచ్చడి రసం మరకలు. ఎక్కడా ముద్దు చెయ్యలేదాయన, ఎక్కడా దొంగ అనలేదు, ఏడున్నర నెలలు అని అర నెల కూడా వదల్లేదు. ఆ అర నెలలోనే నాకు తండ్రి కనబడతాడు.

మాటల దగ్గరికొస్తే ఇంకో చాదస్తం చెప్తాను. పిల్ల నత్తి మాటలన్నిటినీ అక్షరాల్లో పెట్టకు. ప్రతి 'ర'నీ 'ల' చేసి, ప్రతి 'స'నీ 'త' చేసి పేజీ నింపితే చదివేవాళ్ళకి పళ్ళు పులుస్తాయి. ఒక్కచోట, దానివల్ల అర్థం తారుమారైన చోట పెట్టు, చాలు. కానీ వ్యాకరణం మాత్రం సరిచెయ్యకు. "నాన్న వచ్చింది" అంటే వచ్చింది అనే రాయి. జరిగిపోయిందంతా వాళ్ళకి "నిన్న"నే, పోయినేడాదైనా, పొద్దున్నైనా. "నేను నిన్న చిన్నపిల్లగా ఉన్నప్పుడు" అని మూడేళ్ళది అంటే దాన్ని "ఇంతకుముందు" అని దిద్దావంటే నీ చెయ్యి విరగ్గొడతాను.

ఇప్పుడు బూట్ల సంగతి. నువ్వు పంపినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే, బాగా కోపం తెప్పించిందీ ఇదే. ఆఫీసుకి టైమవుతోంది, పిల్ల బూట్లు "నేనే వేసుకుంటా" అంది, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేసుకుంది, నువ్వు మార్చబోతే మొత్తం విప్పేసి మళ్ళీ మొదటినుంచీ. నీ కథలో నువ్వు చిరునవ్వుతో గుమ్మం దగ్గర కూర్చుని చూస్తూ ఉండిపోయావట, జీవితం ఎంత అందమైనదో అర్థమైందట. నిజం చెప్పు. గడియారం చూడలేదూ? లోపల పళ్ళు నూరుకోలేదూ? మీటింగ్‌కి ఏం సాకు చెప్పాలో కూడబలుక్కోలేదూ? ఆ టెన్షన్ అంతా తీసేశాక మిగిలింది గ్రీటింగ్ కార్డు. పిల్లల్ని పెంచేవాళ్ళకి నిద్ర ఉండదు, టైం ఉండదు, ఒళ్ళంతా నొప్పులు, అన్న మాట మీద నిలబడే ఓపిక ఉండదు. ఆ మధ్యలో ఎక్కడో, కోపం సరిగ్గా అరుపుగా మారబోయే క్షణంలో, పిల్ల తలెత్తి "నువ్వు కూడా నీ బూట్లు నువ్వే వేసుకున్నావా? శభాష్" అని మెచ్చుకుంటే, అప్పుడు కదా గుండె కరిగేది. కోపం లేకుండా ఆ శభాష్ పనిచెయ్యదు. ఇందాక నవ్వు గురించి చెప్పినదే దీనికీ వర్తిస్తుంది, చదివేవాళ్ళ గుండె కరగాలి గాని "నా గుండె కరిగింది" అని నువ్వు చెప్పేస్తే వాళ్ళకేం మిగులుతుంది.

మీ పెళ్ళి ఫోటోల్లో నేనెందుకు లేను అని పిల్ల అలిగిన కబురు వదిలెయ్. బాగోలేక కాదు, ఆ కబురు లేని ఇల్లు లేదు. అందరికీ జరిగేదాన్ని రాయాలంటే మీ ఇంట్లో మాత్రమే జరిగిన ముక్క ఒకటి అందులో దొరకాలి. అలిగాక ఏం చేసింది? ఆ ఆల్బం ఎక్కడైనా దాచిందా? ఏదో ఒకటి ఉంటే పంపు.

ఒకటి మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను. మూడేళ్ళ లోపు జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. అంటే నువ్వు రాస్తున్న సంగతులకి మీ పాప రేపు సాక్ష్యం చెప్పలేదు, "నాన్నా, అలా జరగలేదు" అని కాదనలేదు. నువ్వు ఏది రాస్తే అదే తన చిన్నతనం అయిపోతుంది. కాబట్టి కల్పించకు, కథ బావుండటం కోసం కూడా కల్పించకు. కల్పించాలని అంత సరదాగా ఉంటే వేరే పిల్లని పుట్టించుకుని కథ రాసుకో, కాగితం మీదే సుమా. అలాగే పక్క తడిపిన కబురు, బాత్రూంలో కబురు, జ్వరంలో పలవరించిన కబురు రాసుకుని దాచుకో, నలుగురికీ చూపించకు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల గోప్యత గురించే. చట్టం దాకా ఎందుకు, పన్నెండేళ్ళకి ఆ పిల్ల క్లాసులో ఎవడో ఇది చదివి వినిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. నువ్వు నవ్విన చోట తను ఏడవాల్సి వస్తే ఆ రాత ఎంత బాగున్నా నాకు అక్కర్లేదు. నీ గురించి మాత్రం ఎంత చెత్తగానైనా రాసుకో, నీ అనుమతి నీ దగ్గరే ఉంది.

రోజూ రాయమని చెప్పను. చిన్నపిల్లలున్న ఇంట్లో రోజూ రాయగలిగేవాడు ఉన్నాడంటే పిల్లల్ని వేరే ఎవరో చూసుకుంటున్నారన్నమాట. ఫోన్‌లో నాలుగు ముక్కలు టైప్ చేసి పడుకో. కుదిరినప్పుడు ముందు బూట్లది తిరగరాసి పంపు, జీవితం అందం అన్న చివరి పేరా మొత్తం కొట్టేసి. రాసేముందు మీ ఆవిణ్ణి కూడా అడుగు, ఆ పొద్దున పిల్ల సరిగ్గా ఏమందో. ఆవిడ వంటింట్లోంచి వినే ఉంటుంది, నువ్వు విన్నదీ ఆవిడ విన్నదీ ఒకటి కాకపోతే రెండూ రాసి పంపు, ఏది ఉంచాలో కూర్చుని చూద్దాం.

ఉంటాను,
అక్క