డోరు ఊడలేదమ్మా, గడియ పడలేదంతే

ప్రశ్న: మా అబ్బాయి ఫ్లయింగ్ స్కూల్లో చేరి ఐదు నెలలైంది. సెస్నా 172 అనే చిన్న విమానం మీద నేర్చుకుంటున్నాడు. మొన్న ఫోన్లో మాటల మధ్య, విమానం పైకి లేచిన కాసేపటికే తన పక్క డోరు తెరుచుకుందని, సారు పక్కనే ఉన్నారని నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. పైగా మా మరిది, అమెరికాలో బోయింగ్ విమానానికి కన్నం పడిన వీడియో చూపించి టెన్షన్ పెంచాడు. చదువు మాన్పించేయమంటారా?
- ఒక తల్లి, రాయగడ

జవాబు: మాన్పించకండమ్మా. ముందు మీ మరిదిగారి వీడియో సంగతి చూద్దాం. అది 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానానికి జరిగింది. పెద్ద విమానాల్లో లోపలి గాలిని ఒత్తిపెట్టి ఉంచుతారు. ఆ అలాస్కా విమానంలో డోరుకి బదులు బిగించిన పలకకి ఉండాల్సిన నాలుగు బోల్టులు లేవు. ఒత్తిడికి పలక ఎగిరిపోయింది. సెస్నా 172లో ఆ ఒత్తిడే ఉండదు. డోరు బందులు కారుకి ఉన్నట్టే ముందువైపు ఉంటాయి కాబట్టి ఎదురుగాలి దాన్ని మూసే వైపుకే నెడుతుంది. గడియ పడకపోతే కొన్ని అంగుళాలు తెరుచుకుని అక్కడే ఆగుతుంది. గాలి హోరు, ఎగిరే కాగితాలు, గుండె దడ. విమానం మాత్రం ఎగురుతూనే ఉంటుంది.

ప్రమాదమంతా ఆ దడలోనే ఉంది. నేర్చుకునే పిల్లలు కంట్రోల్ వదిలేసి డోరు మీదకి ఒరుగుతారు. అప్పుడే లేచిన విమానం, ముక్కు పైకెత్తి ఉంటుంది. వేగం పడిపోయిందా, రెక్కకి గాలి మీద పట్టు తప్పి విమానం కిందికి జారుతుంది. మన కోరాపుట్ ఘాట్‌లో జీపు డోరు తెరుచుకుంటే డ్రైవరు ముందు స్టీరింగ్ చూసుకుంటాడా, డోరా? ఇదీ అంతే. ఆ విమానం మాన్యువల్లోనే ఉంది: డోరు తెరుచుకున్నంత మాత్రాన దిగిపోనక్కర్లేదు, విమానాన్ని సుమారు 75 నాట్ల దగ్గర, అంటే గంటకి 140 కిలోమీటర్ల దగ్గర నిలకడగా పెట్టి, డోరుని కాస్త బయటికి తోసి, గట్టిగా లాగి లాక్ చేయాలి. పైకి తెరుచుకునే కానోపీ, అంటే అద్దాల మూత, ఉన్న విమానాల పద్ధతి వేరు, దాన్ని దీనితో కలపకండి.

మరి ఎందుకు తెరుచుకుంది? ఎండకి తట్టుకోలేక నేల మీద డోరు ఓరగా పట్టుకుని నడిపిస్తారు, తర్వాత లాగి వదిలేస్తారు. లాగితే మూసుకుంటుంది, లాక్ పడదు. హ్యాండిల్‌ని ముందుకి తిప్పితే చేతిబల్లతో సమంగా పడుకోవాలి. రన్‌వే ఎక్కేముందు చదివే చెక్‌లిస్టులో ఆ లైను ఉంటుంది. చదవడం వేరు, మోచేత్తో డోరుని నెట్టి చూడడం వేరు.

నేను ముప్పై ఏళ్లు విమానాల మరమ్మతులు చేసి బరంపురంలో స్థిరపడ్డవాణ్ణి. ఒకసారి పైలట్‌తో టెస్టుకి వెళితే, లేవగానే కుడిపక్క టకటకా చప్పుడు. ఇంజనే అనుకుని ఇద్దరం చెమటలు కక్కుతూ దింపేశాం. తీరా చూస్తే నా సీటు బెల్టు కొస డోరు సందులోంచి బయటికి వేలాడుతోంది. దాని బకిల్ కొట్టిన చోట రూపాయి బిళ్లంత పెయింట్ లేచిపోయింది. పొద్దున ఇంధనం అడుగున నీళ్లున్నాయేమో సీసాలో పట్టి చూశాను, వేగం కొలిచే గొట్టంలో కందిరీగ గూడు పెట్టిందేమో చూశాను. నా బెల్టు నేను చూసుకోలేదు.

మీవాడు ఈసారి ఫోన్ చేస్తే, డోరు తెరుచుకోగానే నీ చేతులు ఎక్కడున్నాయిరా అని అడగండి. కంట్రోల్ మీదే అంటే సరే. డోరు మీద అంటే, ఆ మాట వాళ్ల సారుకి చెప్పమనండి. ఆయన గాల్లో కావాలనే డోరు తెరిచి ఒకటికి రెండుసార్లు చేయిస్తారు.