పది లక్షల గుండ్లు ఇస్తామన్న యూరప్ ఏడాదికి సగమే ఎందుకు ఇవ్వగలిగింది?

మీ ప్రశ్న ఇది: 2023 మార్చిలో యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఉక్రెయిన్‌కు పన్నెండు నెలల్లో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని మాట ఇచ్చింది. గడువు వచ్చేసరికి చేరింది దాదాపు సగం. వేల కోట్ల యూరోలు ప్రకటిస్తున్నారు కదా, ఆ డబ్బంతా ఏమైంది? ఇవ్వాలన్న మనసే లేదా?

డబ్బు మాయం కాలేదు. చాలాభాగం అప్పటికి ఖర్చే కాలేదు. ప్రకటనకీ, గుండు ఫిరంగిలోకి వెళ్లడానికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో వార్తల్లో రాదు. ఆ మెట్లు తెలిస్తే ఏ వార్తను ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది.

ముందు గుండు సంగతి చూద్దాం. 155 మిల్లీమీటర్ల 'రౌండు' అంటే ఒక వస్తువు కాదు, నాలుగు. పేలుడు పదార్థం నింపిన ఉక్కు గుండు, దాన్ని సరైన క్షణంలో పేల్చడానికి ముక్కుకు బిగించే ఫ్యూజు, వెనక నుంచి దాన్ని తోసే ప్రొపెల్లెంట్ మందు, ఆ మందును అంటించే ప్రైమరు. నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా మూడూ గోదాములో పడి ఉండాల్సిందే. అందుకే 'ఏడాదికి ఇన్ని లక్షల గుండ్ల సామర్థ్యం' అన్న మాట కనిపిస్తే, లెక్క కట్టింది ఉక్కు గుండ్లనా, పూర్తి రౌండ్లనా అని ముందు చూడండి. మంత్రుల ప్రసంగాల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతాయి.

వీటిలో ఉక్కు పని కాస్త తేలిక. ఉక్కు దిమ్మెను ఎర్రగా కాల్చి, ప్రెస్సులో గుద్ది బోలు చేస్తారు. లేతు మీద చెక్కి, ముక్కు భాగాన్ని సన్నగా నొక్కి, మళ్లీ వేడిచేసి చల్లార్చి గట్టిపరుస్తారు. నడుముకి రాగి పట్టీ వేస్తారు. గొట్టం లోపలి గాడుల్లో ఇరుక్కుని గుండును గిరగిరా తిప్పేది ఆ పట్టీయే. ప్రెస్సులు, లేతులు, పనివాళ్లు దొరికితే దీన్ని పెంచడానికి దారి ఉంది. యూరప్‌లో చాలా ఫ్యాక్టరీలు త్వరగా పెంచింది కూడా ఇదే.

కష్టమంతా నింపే దగ్గర, తోసే మందు దగ్గర మొదలవుతుంది. టీఎన్‌టీ సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాన్ని కరిగించి గుండులో పోస్తారు. రకాన్ని బట్టి ఒక్కో గుండుకు సుమారు ఏడు నుంచి పదకొండు కిలోలు పడుతుంది. గిన్నెలో నెయ్యి పేరుకున్నప్పుడు మధ్యలో గుంట పడటం చూసే ఉంటారు. టీఎన్‌టీ కూడా గట్టిపడేటప్పుడు అలాగే కుంచించుకుంటుంది. తొందరపడి చల్లారిస్తే లోపల బోలు మిగిలిపోతుంది. ఫిరంగి పేల్చిన క్షణాన గుండు మీద పడే తోపు భూమ్యాకర్షణకు వేల రెట్లు ఉంటుంది. ఆ దెబ్బకు పైనున్న పదార్థం బోలులోకి కూలి వేడెక్కిందంటే గుండు గొట్టంలోనే పేలుతుంది, అక్కడున్న సిబ్బంది బతకరు. అందుకే నెమ్మదిగా చల్లార్చాలి, నింపిన గుండ్లను ఎక్స్‌రే తీసి చూడాలి. ఎంత యుద్ధమైనా ఈ దశను పరుగు పెట్టించడం కుదరదు. పైగా యూరోపియన్ యూనియన్‌లో పెద్ద ఎత్తున టీఎన్‌టీ తయారుచేసేది ప్రధానంగా పోలండ్‌లోని బిడ్‌గోష్ట్ నగరంలో ఉన్న నైట్రో-కెమ్ ఒక్కటే. అక్కడి సరుకు కోసం అమెరికా కూడా వరుసలో ఉంటుంది.

ఇక ప్రొపెల్లెంట్. దీని మూలం నైట్రోసెల్యులోజ్, దానికి ముడిసరుకు పత్తి. జిన్నింగు మిల్లులో దూది తీసేశాక పత్తి గింజకు పొట్టి నూగు ఇంకా అంటుకునే ఉంటుంది కదా, గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ వైపువాళ్లకు చెప్పక్కర్లేదు. గింజ నూనె మిల్లుకు వెళ్లేముందు గీకి తీసే ఆ నూగే లింటర్స్. దాన్ని శుభ్రం చేసి, నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో ముంచి నైట్రేట్ చేస్తారు. తర్వాత కడగడమే పెద్ద పని. ఆమ్లం చుక్క మిగిలినా నిల్వలో ఉన్న మందు తనంతట తానే కుళ్లి, వేడెక్కి, అంటుకుంటుంది. యూరప్‌కు వచ్చే లింటర్స్‌లో 70 శాతానికి పైగా చైనా నుంచే వస్తున్నాయని జర్మన్ ఆయుధ కంపెనీ రైన్‌మెటాల్ అధిపతి ఆర్మిన్ పాపర్గర్ 2024లో చెప్పారు. చెక్క గుజ్జుతోనూ నైట్రోసెల్యులోజ్ చేయొచ్చు. కాకపోతే ముడిసరుకు మారితే మందు కాలే వేగం మారుతుంది, గొట్టంలో ఒత్తిడి మారుతుంది, గుండు పడే దూరం మారుతుంది. మళ్లీ పరీక్షలు చేసి, ఏ కోణంలో పేలిస్తే ఎంత దూరం పడుతుందో చెప్పే ఫైరింగ్ టేబుల్స్ సరిచూసి, సైన్యం ఆమోదం తెచ్చుకోవాలి. అది నెలల పని.

ఈయూ కార్యాలయాలుండే బ్రస్సెల్స్‌కు ఈ చిక్కు అర్థం కాలేదని అనలేం. గుండ్ల ఉత్పత్తి పెంచడానికి 2023 జులైలో 50 కోట్ల యూరోలతో 'ఆసాప్' చట్టం తెచ్చారు. అందులో దాదాపు ముప్పావు వంతు మందుకూ పేలుడు పదార్థాలకే కేటాయించారు. అది సరైన నిర్ణయం. కానీ ప్రాజెక్టుల ఎంపిక 2024 మార్చిలో తేలింది, అంటే పది లక్షల మాటకు పెట్టుకున్న గడువు నెలలోనే. ఫ్రాన్స్‌లో బెర్జరాక్ దగ్గర యూరెంకో కంపెనీ మందు ఫ్యాక్టరీకి అధ్యక్షుడు మాక్రోన్ శంకుస్థాపన చేసింది 2024 ఏప్రిల్‌లో. ఒకప్పుడు బెర్జరాక్‌లో ఉన్న పనినే బయటికి తరలించి, ఇప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటున్నారు. జర్మనీలో ఉంటర్‌ల్యూస్ దగ్గర రైన్‌మెటాల్ 2024 ఫిబ్రవరిలో పునాది వేసి 2025 ఆగస్టులో ఫ్యాక్టరీ తెరిచింది. 2027 నాటికి అక్కడ ఏడాదికి మూడున్నర లక్షల గుండ్లు దాని లక్ష్యం. పద్దెనిమిది నెలల్లో ఫ్యాక్టరీ లేవడం ఈ రంగంలో చాలా వేగమే. అంత వేగంగా కట్టినా యుద్ధం నాలుగో ఏడు వచ్చేసింది.

మరి 2022లోనే ఎందుకు కట్టలేదంటారా? ఆర్డరు లేదు. పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ అంటే చుట్టూ ఖాళీ స్థలం, పర్యావరణ అనుమతులు, శిక్షణ పొందిన మనుషులు కావాలి. రెండేళ్లలో యుద్ధం ఆగిపోతే ఆ పెట్టుబడి ఎవరి నెత్తిన పడుతుందన్నది కంపెనీల ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్నే. రాజకీయ నాయకుల హామీ చూపిస్తే బ్యాంకు అప్పివ్వదు, సంతకమైన దీర్ఘకాల కాంట్రాక్టు చూపిస్తే ఇస్తుంది. రైన్‌మెటాల్‌తో జర్మనీ 850 కోట్ల యూరోల వరకు గుండ్ల ఒప్పందం చేసుకున్నది 2024 జూన్‌లో. ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలై అప్పటికి 28 నెలలు. ఆర్డర్లు లేని ఆ కాలంలో ఫ్యాక్టరీలు పాత ఒప్పందాలే తీర్చాయి. యూరప్ ఉత్పత్తిలో సుమారు 40 శాతం ఇతర దేశాలకు ఎగుమతి అవుతోందని 2023 నవంబరులో అప్పటి ఈయూ విదేశాంగ అధిపతి జోసెప్ బొరెల్ స్వయంగా చెప్పారు. గిరాకీ పెరిగి సరుకు పెరగకపోతే ఏమవుతుందో అదే అయింది. యుద్ధం మొదట్లో 2,000 యూరోలున్న గుండు 8,000కు చేరిందని 2023 అక్టోబరులో నాటో సైనిక కమిటీ అధ్యక్షుడు రాబ్ బౌర్ అన్నారు. అంటే బడ్జెట్ రెట్టింపు చేసినా చేతికొచ్చే గుండ్లు సగమే. రక్షణ ఖర్చు పెరిగింది అన్న వార్త చదివేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఆ జాప్యానికి మూల్యం యూరప్‌లో ఎవరూ కట్టలేదు, కందకాల్లో ఉన్నవాళ్లు కట్టారు. 2024 ఫిబ్రవరిలో తూర్పు ఉక్రెయిన్‌లోని అవ్దీవ్కా నగరం రష్యా చేతికి పోయినప్పుడు ఉక్రెయిన్ ఫిరంగులు గుండ్లు లెక్కపెట్టుకుని పేలుస్తున్నాయి. అమెరికా సాయం కాంగ్రెస్‌లో ఆగిపోయి ఉంది, యూరప్ మాటిచ్చిన గుండ్లలో చాలాభాగం ఇంకా కాగితం మీదే ఉన్నాయి. ఈ విషయంలో యూరప్‌ను సమర్థించడం నా వల్ల కాదు.

డబ్బు దారి కూడా వంకరే. ఈయూ ఒప్పందంలోని 41వ అధికరణ ప్రకారం సైనిక కార్యకలాపాల ఖర్చును ఉమ్మడి బడ్జెట్‌లోంచి పెట్టకూడదు. అందుకే 2021లో బడ్జెట్ బయట యూరోపియన్ పీస్ ఫెసిలిటీ అనే నిధి పెట్టుకున్నారు. సభ్యదేశం ముందు తన ఆయుధాలు ఇస్తుంది, తర్వాత ఈ నిధి దానికి కొంత తిరిగి చెల్లిస్తుంది. అంటే ఈ డబ్బు నేరుగా కీవ్‌కు వెళ్లేది కాదు, ఇచ్చిన దేశపు ఖాతాలోకి వెనక్కి వచ్చేది. ప్రతి చెల్లింపుకూ అన్ని దేశాలూ ఒప్పుకోవాలి. హంగరీ ఒక్కటే అడ్డం తిరిగి సుమారు 660 కోట్ల యూరోలు ఆపేసింది. దీన్ని తప్పించుకోవడానికి 2024లో మరో దారి వెతికారు. స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తుల మీద వచ్చే లాభాన్ని వాడటం మొదలుపెట్టారు. ఆ ఆస్తుల్లో ఎక్కువ భాగం బెల్జియంలో బాండ్లు, షేర్లు భద్రపరిచే యూరోక్లియర్ సంస్థ దగ్గర ఉంది. 2025 డిసెంబరులో ఆ అసలునే పూచీగా పెట్టి అప్పివ్వాలన్న ఆలోచన కుదరక, ఉమ్మడిగా అప్పు తెచ్చి 2026, 2027 సంవత్సరాలకు 9,000 కోట్ల యూరోలు ఇవ్వాలని నిర్ణయించారు.

మొత్తం మీద చూస్తే త్వరగా పని చేసినవి రెండు పద్ధతులు. మొదటిది చెక్ పద్ధతి. 2024 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో చెక్ అధ్యక్షుడు పెట్ర్ పావెల్ యూరప్ బయట ఎనిమిది లక్షల గుండ్లు దొరుకుతాయని చెప్పారు. అందులో అయిదు లక్షలు 155 మి.మీ. రకం, మిగతావి సోవియట్ కాలపు 122 మి.మీ. రకం. జూన్‌కల్లా మొదటి సరుకు చేరింది. ఆ ఏడాది మొత్తం అన్ని రకాలూ కలిపి పదిహేను లక్షలు పంపారు. ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. అమ్మేవాడు ముందే డబ్బు అడుగుతాడు. ఇస్తామన్న దేశం ఆలస్యం చేస్తే సరుకు వేరే కొనుగోలుదారు చేతికి పోతుంది. పాత గుండ్లయితే మందును, ఫ్యూజును తనిఖీ చేసి, అవసరమైతే మార్చాకే పంపాలి.

రెండోది డెన్మార్క్ పద్ధతి, నా దృష్టిలో అన్నిటికన్నా మంచిది. ఉక్రెయిన్‌లో ఫ్యాక్టరీలున్నాయి, మనుషులున్నారు, ఆర్డరు ఇవ్వడానికి ఆ ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. డెన్మార్క్ ఆ ఫ్యాక్టరీల్ని పరిశీలించి నేరుగా వాటికి డబ్బు కట్టింది. 2024లో ఇలాగే 18 బొహ్దానా ఫిరంగులు చేయించింది. ఇవి లారీ మీద బిగించిన 155 మి.మీ. ఫిరంగులు. నెలల్లోనే సైన్యానికి అందాయి. రవాణా ఖర్చు తక్కువ, విడిభాగాలు ఊళ్లోనే దొరుకుతాయి, మరో దేశం అనుమతి కోసం ఆగక్కర్లేదు.

ఆ చివరి మాట చిన్నదేం కాదు. జర్మనీ ఇచ్చిన గెపార్డ్ విమాన విధ్వంసక ట్యాంకులకు కావలసిన 35 మి.మీ. తూటాలు స్విట్జర్లాండ్‌లో తయారైనవి. ఎప్పుడో జర్మనీకి అమ్మిన ఆ తూటాల్లో సుమారు 12,400ను ఉక్రెయిన్‌కు ఇవ్వడానికి స్విట్జర్లాండ్ ఒప్పుకోలేదు, తటస్థ విధానం అడ్డొస్తుందంది. చివరికి రైన్‌మెటాల్ ఉంటర్‌ల్యూస్‌లో తయారీని కొత్తగా మొదలుపెట్టి 2023 సెప్టెంబరులో మొదటి విడత పంపింది. ఆ మధ్యలో గెపార్డ్‌లు కూల్చాల్సిన రష్యా డ్రోన్లు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాయి.

ఇక రక్షణకు జీడీపీలో ఇంత శాతం అన్న ప్రకటనల గురించి క్లుప్తంగా. 2025 జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035 నాటికి 5 శాతం అన్నాయి. అందులో అసలు రక్షణ ఖర్చు 3.5, మిగతా 1.5 రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత లాంటివాటికి. నాటో లెక్కలో సైనికుల జీతాలు, పింఛన్లు కూడా వస్తాయి. ఉక్రెయిన్‌కు నేరుగా ఇచ్చేదీ అందులోనే కలుస్తుంది. అందుకని శాతం పెరిగినంత మాత్రాన ఆయుధాలు పెరిగాయనుకోవద్దు. 'రక్షణకు 80,000 కోట్ల యూరోలు' అని 2025 మార్చిలో వచ్చిన అంకెలో 65,000 కోట్లు సభ్యదేశాలు నిబంధనల సడలింపుతో తమ బడ్జెట్లలోంచి పెట్టుకోవచ్చన్న అంచనా. ఉమ్మడి అప్పుగా ఇచ్చే 'సేఫ్' పథకం 15,000 కోట్లు. అందులో కొనే ఆయుధాల విలువలో బయటి దేశాల భాగాలు 35 శాతం మించకూడదు. ఉక్రెయిన్ మాత్రం బయటి దేశం కింద లెక్కకు రాదు, అక్కడి ఫ్యాక్టరీల నుంచీ కొనొచ్చు. నేను ఆశ పెట్టుకున్న వెసులుబాటు ఇదే.

ఇకనుంచి సాయం ప్రకటన చూసినప్పుడు మొత్తం అంకె పక్కన పెట్టి, కాంట్రాక్టు మీద సంతకమైందా, ఎవరితో, డెలివరీ ఏ నెలలో, పూర్తి రౌండ్లా కాదా అని వెతకండి. జర్మనీలోని కీల్ ఇన్‌స్టిట్యూట్ ఉక్రెయిన్ సాయం లెక్కలతో నడిపే ట్రాకర్‌లో హామీలు వేరుగా, కేటాయింపులు వేరుగా చూపిస్తారు. రెండో వరుసే చూడండి. ఫిరంగులు ఇచ్చామన్న వార్త అయితే విడిభాగాలు, మరమ్మతు ఒప్పందం ఉన్నాయో లేదో కూడా చూడండి. ఫిరంగి గొట్టం కొన్ని వేల గుండ్లకు అరిగిపోతుంది. దూరానికి పేల్చే కొద్దీ ఇంకా త్వరగా అరుగుతుంది, గుండ్లు గురి తప్పి పడతాయి. ఉక్రెయిన్‌లో అరిగిన జర్మన్ పాంజర్‌హౌబిట్సె ఫిరంగుల్ని మరమ్మతు కోసం లిథువేనియాకూ, సరిహద్దుకు దగ్గర్లో స్లొవేకియాలోని మిఖలోవ్సె కేంద్రానికీ పంపేవారు. ఫిరంగి అలా దారిలోనూ వర్క్‌షాపులోనూ ఉన్న వారాల్లో దాని గుండ్లు ఎన్ని సిద్ధంగా ఉన్నా ముందు వరుసకు పనికిరావు.