మామగారికి దేవుడు, మా వారికి నియంత

ప్రశ్న: పెళ్లయ్యాక దక్షిణ కొరియాలోని సువాన్‌లో స్థిరపడ్డాను. మా వారు కొరియన్. దేగు దగ్గర పల్లెలో ఉండే మామగారికి 74 ఏళ్లు, ఆయనకు ఒకప్పుడు దేశాన్ని ఏలిన అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ దేవుడు. మా వారికి ఆ పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. పోయిన చుసోక్ పండగకి అన్నం ముందు నుంచి లేచి వచ్చేశారు. కొత్త సంవత్సరానికి ఆ గడప తొక్కనంటున్నారు. మామగారేమో 'నువ్వు చెప్పమ్మా, దేశాన్ని నిలబెట్టింది ఆయనా కాదా' అని నన్ను నిలదీస్తారు. అత్తగారిది గ్వాంగ్జు. ఈ మాటలు మొదలవగానే వంటింట్లోకి వెళ్లిపోతారు. నాకు ఒకటే టెన్షన్. ఎవరి పక్షాన మాట్లాడను?

జవాబు: తీర్పు చెప్పే పని నెత్తిన వేసుకోకండమ్మా. ముందు ఆ ఇద్దరూ దేని గురించి పోట్లాడుకుంటున్నారో చూడండి.

మీ మామగారు కొరియా యుద్ధం నడుస్తుండగా పుట్టిన మనిషి. 1961లో పార్క్ సైనిక కుట్రతో గద్దెనెక్కేనాటికి ఆయన పదేళ్లవాడు. పల్లెల్లో బార్లీ కోతకు ముందు గింజలు నిండుకుని పస్తులుండే రోజులవి. 1970లో సియోల్-పుసాన్ హైవే తెరిచారు. ఆ చలికాలమే ప్రభుత్వం ఊరికి 335 బస్తాల సిమెంటు చొప్పున పంచింది. దాన్ని మోసి ఊళ్లు బాగుచేసుకున్నది ఆయన ఈడు వాళ్లే. పార్క్‌ని తిడితే తన రెక్కల కష్టాన్ని తీసిపారేసినట్టే అనిపిస్తుంది ఆయనకు.

మీ వారి కోపమూ ఉత్తది కాదు. 1972లో యుషిన్ రాజ్యాంగం తెచ్చి, అధ్యక్షుణ్ణి ప్రజలు నేరుగా ఎన్నుకునే హక్కే లాగేసుకున్నారు. 1975లో ఎనిమిది మందిని, సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మర్నాడే ఉరితీశారు. వాళ్లు నిర్దోషులని 2007లో కోర్టే తేల్చింది. పైగా 2024 డిసెంబరులో మార్షల్ లా ప్రకటన చూసిన తరానికి ఇదంతా పాత కథ అనిపించదు.

మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన అత్తగారి దగ్గర నేను ఆగిపోయాను. పార్క్ కాలపు పెద్ద ఫ్యాక్టరీలు పోహాంగ్, ఉల్సాన్, గుమి అంటూ ఎక్కువగా మీ మామగారి వైపే వెలిశాయి. గ్వాంగ్జు ఉన్న జొల్లా ప్రాంతం వెనకబడింది. తర్వాత అలాగే సైనిక కుట్రతో గద్దెనెక్కిన చున్ డూ హ్వాన్ కాలంలోనూ ఆదాయాలు పెరిగాయి, కానీ ఆయన్ని పొగిడేవాళ్లు తక్కువ. 1980 మేలో గ్వాంగ్జులో సైన్యం జనాన్ని చంపిన మచ్చ అలాంటిది. కుట్ర, గ్వాంగ్జు పక్కన పెడితే చున్ రాజకీయం బాగానే నడిపాడని 2021లో అన్న, అప్పుడు అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న యూన్ సుక్ యోల్‌కి విచారం ప్రకటించక తప్పలేదు. మీ అత్తగారు అప్పుడేం చూశారో మనకు తెలియదు, మీరుగా అడగనూ వద్దు. ఈసారి ఆవిడ లేస్తే మీరూ లేచి వెళ్లండి. మామగారికి ఆవిడ ఎందుకు లేచిపోతారో బహుశా తెలుసు.

ఆయన మళ్లీ నిలదీస్తే 'ఆ రోజుల్లో మీరేం పని చేసేవారు మామయ్యా?' అని అడగండి. పార్క్ సంగతి పక్కకుపోయి, ఆయన సొంత సంగతులు బయటికొస్తాయి.

మీ వారితో మాత్రం 'పెద్దాయన, సర్దుకుపో' అనకండి, ఇంకా మండుతుంది. పండగ మానొద్దు, మకాం తగ్గించండి. పొద్దున వెళ్లి, పెద్దలకు మొక్కి, భోంచేసి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. పార్క్ పేరు వస్తే వాదించకుండా కాసేపు బయట తిరిగి రమ్మనండి. ఆ మాట ఇంటి దగ్గరే అనుకోండి. కార్లో అనుకుంటే అక్కడే మొదలవుతుంది గొడవ.