కోపంలో జారే మాట ఆఫీసులో ఎందుకు జారదు?

ప్రశ్న: పెళ్లయి 14 ఏళ్లయింది. సంఘంలో ప్రార్థన కూడికలు నడిపిస్తాను, అందరూ గౌరవంగా చూస్తారు. ఇంట్లో మాత్రం కోపం వస్తే ‘నీకు బుర్ర లేదు’, ‘నువ్వెప్పుడూ ఇంతే’ అనేస్తాను. మనసులో ఏమీ ఉండదు, అరగంటలో మామూలైపోతాను. నా భార్య ఆ మాటలే పట్టుకుని రోజుల తరబడి ముభావంగా ఉంటుంది. మొన్న మా పన్నెండేళ్ల అబ్బాయి వాళ్లమ్మను ‘నీకేం తెలీదు, నోర్మూసుకో’ అన్నాడు. వాణ్ణి దారిలో పెట్టేదెలా?

జవాబు: అబ్బాయి సంగతికి వస్తాను. దానికంటే ముందు ‘మనసులో ఏమీ ఉండదు’ అన్న మీ మాట చూద్దాం. మత్తయి 12:34లో యేసు చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు: “హృదయమందు నిండియుండు దానినిబట్టి నోరు మాటలాడును గదా.” అలసట, పని ఒత్తిడి గొంతు పెంచుతాయి, నిజమే. కానీ ‘నీకు బుర్ర లేదు’ అన్న మాటను అవి అందించవు. అది ముందే లోపల ఉన్న అభిప్రాయం.

నమ్మకం కుదరకపోతే ఒకటి గమనించండి. అంతే అలసటలో, అంతే చిరాకులో ఉన్నప్పుడు పైఅధికారి ఫోన్ చేస్తే మీ గొంతు ఎలా ఉంటుంది? పాస్టరు గారు తలుపు తడితే? క్షణంలో మెత్తబడుతుందంటే నాలుక మీ అదుపులోనే ఉందన్నమాట. ఎవరి దగ్గర దాన్ని అదుపు చేయాలో, ఎవరి దగ్గర అక్కర్లేదో మీరు ముందే నిర్ణయించుకున్నారు. మార్చుకోవలసింది ఆ నిర్ణయాన్ని. నోటికి కళ్లెం లేనివాడి భక్తి వ్యర్థమని యాకోబు 1:26 అంటుంది. భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని 1 పేతురు 3:7 హెచ్చరిస్తుంది. కూడికలు నడిపించే మీకు ఈ రెండూ తెలియనివి కావు.

మీ కోపం అరగంటలో పోయిందంటే మాట బయటపడి మీకు బరువు తగ్గింది. ఆ బరువు ఆమె మీద పడింది. సామెతలు 12:18 ఇలాంటి మాటల్ని కత్తిపోట్లతో పోల్చింది. అందుకే ఆమె ముభావాన్ని పంతంగా లెక్కకట్టకండి. ‘సరదాకి అన్నాను’ అన్న సాకూ చెల్లదు. సామెతలు 26:18-19 దాన్ని ఎప్పుడో కొట్టిపారేసింది.

రెండు వారాలపాటు ఒక పుస్తకంలో రాయండి. ‘కోప్పడ్డాను’ అని కాదు, అన్న మాటను ఉన్నదున్నట్టు రాయాలి. పక్కనే దానికి ముందు ఏం జరిగింది, ఆ క్షణంలో మీకేం కావాలి అన్నవి రాయండి. చాలామందికి తేలేది ఇదే: తిట్లు రెండో మూడో ఉంటాయి, అవే తిరిగి తిరిగి వస్తాయి, వాటి వెనక ఒకే కోరిక ఉంటుంది. తన మాటే నెగ్గాలనో, తప్పు తనది కాదని తేలాలనో. ప్రార్థనలో ఒప్పుకోవలసింది దాన్ని. ‘ప్రభువా, నా నోటిని క్షమించు’ అని ఊరుకుంటే మూలం అలాగే ఉండిపోతుంది.

ఒళ్లు వేడెక్కినప్పుడు మాట ఆపి, ‘అరగంటలో వచ్చి మాట్లాడతాను’ అని చెప్పి పక్కకు వెళ్లండి. శరీరం చల్లబడటానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. చెప్పకుండా వెళ్లిపోతే అది అలగడం అవుతుంది. వెళ్లి ఆమె తప్పులే నెమరేసుకుంటే ఇంకా మండిపోతూ తిరిగొస్తారు. తిరిగొచ్చాక మనిషి గురించి కాదు, పని గురించి మాట్లాడండి: ‘బిల్లు ఇంకా కట్టలేదు, రేపటిలోగా కట్టాలి, ఎవరు కడదాం?’ ఎఫెసీయులకు 4:29 దుర్భాషను మానమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. అవసరానికి తగినట్టు, వినేవారికి మేలు కలిగేలా పలకమంది. మౌనవ్రతం పడితే ఆ వాక్యంలో సగమే పాటించినట్టు.

క్షమాపణ ఇలా ఉండాలి: ‘నిన్న నీకు బుర్ర లేదన్నాను. అది అబద్ధం, అవమానం. తప్పు నాది.’ దాని వెనక ‘కానీ నువ్వు కూడా’ చేర్చారంటే అంతా చెడుతుంది. వెంటనే క్షమించమని ఒత్తిడి చేయకండి. నమ్మకం తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు. ‘లోబడియుండుడి’ అన్న వాక్యాన్ని మాత్రం ఆమె ముందు ఎత్తకండి. కొలొస్సయులకు 3:18లోని ఆ మాట ఆమెకు; భార్యను ప్రేమించమని, నిష్ఠురపెట్టవద్దని చెప్పే 19 మీకు.

ఇక అబ్బాయి. వాడి ముందు అన్న మాటకు వాడి ముందే ఆమెను క్షమాపణ అడగండి. తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ‘అమ్మతో అలా మాట్లాడటం నా దగ్గరే నేర్చుకున్నావు. అది తప్పు. నేను మానుతున్నాను, నువ్వూ అనకూడదు’ అని చెప్పండి. ముందే దండిస్తే వాడు మీ నోటికేసి చూస్తాడు. ఇకపై వాడు అలా అంటే అక్కడే ఆపండి, మాట మార్చి చెప్పమనండి. మీరు నోరు జారినప్పుడు కూడా అక్కడే ఆగి మాట మార్చి చెప్పడం వాడికి వినబడాలి.

చివరిగా ఒక ప్రశ్న. వస్తువులు విసిరేయడం, చేయి చేసుకోవడం ఎప్పుడైనా జరిగిందా? మీరు గదిలోకి రాగానే ఆమె బెదురుతోందా? అయితే ఇది నోటి దురుసుతో ఆగే విషయం కాదు. ఆమె భద్రత ముందు. ఆమె తన కౌన్సెలర్‌ను విడిగా కలవాలి, మీరు విడిగా కలవాలి. సంఘాన్ని నడిపించే అధ్యక్షుడు ముక్కోపి కాకూడదని తీతుకు 1:7 అంటుంది, కాబట్టి పాస్టరు గారికి దాచకుండా చెప్పి, కొంతకాలం కూడికల బాధ్యత నుంచి తప్పుకోండి.