ముందు సాయంత్రం బస్సులు ఎటు పోతున్నాయో చూడండి

"ఒక ఊరి ఆర్థిక వ్యవస్థను విశ్లేషించాలంటే ఏ టూల్స్ వాడాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" అని అడిగారు. సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ వద్దు, ఎక్సెల్ వస్తే చాలు. ఈ పనిలో నా పరువు ఎలా పోయిందో చెప్తాను, మీకు కావాల్సింది అందులోనే దొరుకుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ చిన్న పట్టణం మీద నివేదిక రాయమన్నారు. నాకప్పుడు లొకేషన్ కోషెంట్ అంటే వల్లమాలిన ప్రేమ. ఒక రంగానికి ఊళ్లో ఉన్న వాటాను దేశంలో ఉన్న వాటాతో పోల్చే లెక్క అది. ఊరి ఉద్యోగాల్లో తయారీ రంగం వాటా 24 శాతం, దేశం మొత్తం మీద 10 శాతం. భాగిస్తే 2.4. ఒకటి దాటితేనే ఆ రంగం బయటికి సరుకు అమ్మి ఊరికి డబ్బు తెస్తోందని పుస్తకాల్లో ఉంటుంది, మరి ఇదేమో 2.4! సంబరంగా చార్టులు గీసి, ఊరివాళ్ల సమావేశంలో గోడమీద వేసి చూపించాను.

వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. "బాబూ, ఆ ఫ్యాక్టరీలో మా వీధివాళ్లు ఒక్కరూ లేరే. ఇన్ని జీతాలు ఎవరు తీసుకుంటున్నట్టు?" అంది. అందరూ నవ్వారు. నేనేదో సర్దిచెప్పబోతే, "సాయంత్రం గేటు దగ్గర నిలబడు, బస్సులు ఎటు పోతాయో నువ్వే చూద్దువుగాని" అని కూర్చుంది.

పంతం కొద్దీ మర్నాడు వెళ్లి నిలబడ్డాను. షిఫ్టు వదిలారు. బస్సులు ఒకదాని వెనక ఒకటి నిండాయి. ఒక్కటైనా ఊళ్లోకి తిరిగితే ఒట్టు, అన్నీ తిన్నగా హైవే ఎక్కేశాయి. నడుచుకుంటూ ఊరివైపు వచ్చినవాళ్లు పదిమందో పన్నెండుమందో. నా అంకెలు మనుషులు పనిచేసే చోటును బట్టి తీసినవి. వాళ్లు ఉండే చోటును బట్టి తీస్తే ఊరి బతుకు వేరేలా కనిపించేది. డేటా ఫైలు అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. చదవనిది నేనే.

అందుకే నా దృష్టిలో అసలైన టూల్ ఒక్కటే: వచ్చిన డబ్బు ఏ చేతి నుంచి ఏ చేతికి పోతోందో వెంటపడి చూడడం. బ్రిటన్‌లోని న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ వాళ్ల ఎల్ఎం3 (లోకల్ మల్టిప్లయర్ 3) పద్ధతి చేసేది ఇదే, డబ్బును మూడు అంచెల దాకా లెక్కగడుతుంది. ఒక సంస్థకు వంద వచ్చిందనుకోండి. అందులో 60 ఊళ్లోవాళ్లకే జీతాలుగా, బిల్లులుగా ఇచ్చింది. ఆ 60 అందుకున్నవాళ్లు 24 ఊళ్లో ఖర్చుపెట్టారు. మూడూ కూడితే 184, వందతో భాగిస్తే 1.84. అంటే వచ్చిన ఒక్కో రూపాయి ఊళ్లో 1.84 రూపాయల పని చేసిందన్నమాట. కాగితం, పెన్ను, ఓపిగ్గా జవాబిచ్చే ఓ ఇరవైమంది ఉంటే పని మొదలుపెట్టొచ్చు. పైగా డబ్బు కారిపోయే చిల్లు ఎక్కడుందో జనమే వేలుపెట్టి చూపిస్తారు.

ఇక కన్సల్టెంట్ల సంగతి. ఏ రంగం సరుకు ఏ రంగానికి ఎంత పోతుందో పట్టికలో వేసే ఇన్‌పుట్-అవుట్‌పుట్ పద్ధతికి ఆర్థికవేత్త లియోంటీఫ్‌కు 1973లో నోబెల్ ఇచ్చారు, ఆయన్ని నేనేమీ అనను. కానీ దేశం మొత్తానికి వేసిన పట్టికను కుదించి చిన్న ఊరికి తొడిగి, "ఒక ఉద్యోగం వస్తే దాని వెనక ఇంకో మూడు వస్తాయి" అని చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఊరు ఎంత చిన్నదైతే సరుకు అంత ఎక్కువగా బయటినుంచే వస్తుంది, డబ్బు అంత త్వరగా బయటికి జారిపోతుంది. ఈపాటి దానికి డాష్‌బోర్డు ఒకటి, అందులో గిరగిరా తిరిగే మ్యాపు ఒకటి!

ఇంకోటి, సంవత్సరం సగటును నమ్మకండి. నేల మీద పన్నెండు గళ్లు గీసి, ఏ నెలలో చేతికి డబ్బు వస్తుంది, ఏ నెలలో అప్పు చేస్తారు అని గింజలు పెట్టమనండి. గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ లాంటివాళ్లు ప్రచారంలోకి తెచ్చిన, జనం చేతే వివరాలు గీయించే పద్ధతుల్లో నాకు అన్నింటికన్నా నచ్చింది ఈ సీజనల్ క్యాలెండర్. మగవాళ్ల చేత ఒకటి, ఆడవాళ్ల చేత ఒకటి విడిగా వేయించండి. అప్పుల నెలలు రెండింట్లో ఒకేలా ఉండడం నేనింతవరకూ చూడలేదు.

ఆ నివేదిక ఏమైందంటారా? 2.4 ఉన్న పేజీ తీసేద్దామని మా మేనేజర్‌ను బతిమాలాను. ఆయన దాన్ని తెచ్చి కవరు మీద వేయించారు.