పచ్చికలో మట్టి కుప్పలు: మోల్ కాదు, పందికొక్కు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఉద్యోగ విరమణ తరువాత బెంగళూరులో వర్తూరు సమీపంలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాము. ఇంటి ముందు సుమారు 600 చదరపు అడుగులలో మెక్సికన్ గడ్డి వేయించాను. వానలు మొదలైనప్పటి నుంచి రాత్రికి రాత్రే పచ్చిక మధ్యలో మెత్తని మట్టి కుప్పలు లేస్తున్నాయి, నడిస్తే కాలు దిగబడుతోంది. ప్రహరీ పక్కన నాటిన మెట్టతామర దుంపలు మాయమయ్యాయి, డ్రిప్ గొట్టం రెండు చోట్ల కొరికి ఉంది. విదేశంలో ఉన్న మా అబ్బాయి ఫొటోలు చూసి ఇవి ‘మోల్స్’ అని, ఆముదం ద్రావణం చల్లమని, నేలలో శబ్దం చేసే పరికరం గుచ్చమని చెప్పాడు. రెండూ చేసి నెల దాటినా కుప్పలు ఆగలేదు. ధాన్యం గోదాములలో వాడే బిళ్లలు కన్నాలలో వేయమని తెలిసినవారు అంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు ఉంది, కుక్కను పెంచుతున్నాము. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ బిళ్లల సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలినదంతా ఒక వారం ఆలస్యమైనా నష్టం లేదు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. కన్నంలో వేసిన బిళ్ల నుంచి వచ్చే వాయువు ఎలుక ఉన్న వైపే పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పునాది పగుళ్ల గుండా, నేల కింద వేసిన గొట్టాల పక్కన ఉండే ఖాళీల గుండా అది పడకగదిలోకి చేరవచ్చు, నిద్రలో ఉన్నవారి ప్రాణాలు తీయవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. అందువల్లనే మన దేశంలో ఈ బిళ్లలను ప్రభుత్వ సంస్థలు, అనుమతి పొందిన చీడ నివారణ నిపుణులు తప్ప ఇతరులు కొనడానికి, వాడడానికి వీలు లేకుండా నిబంధన ఉంది. మీ ఇంటికి ఇప్పటికే ఎవరైనా తెచ్చి ఇచ్చి ఉంటే డబ్బా మూత తీయకండి, తడి తగలనివ్వకండి, మనుషులు నిద్రించే గదులలో ఉంచకండి. అనుమతి ఉన్న చీడ నివారణ సంస్థ వారిని పిలిచి అప్పగించండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ పచ్చికను పాడు చేస్తున్నది మోల్ కాదు. మోల్ అనేది ఎలుక జాతి కాదు; పారల వంటి ముందుకాళ్లతో నేల తవ్వుకుంటూ వానపాములను, మట్టిలోని పురుగులను తిని బతికే వేరే వర్గపు జంతువు. యూరప్, అమెరికా దేశాల తోటలలో అది పెద్ద సమస్య కనుక మీ అబ్బాయికి ఆ ఆలోచన రావడం సహజమే. మన దేశంలో మాత్రం అది హిమాలయ పాదప్రాంతాలలోనూ ఈశాన్య రాష్ట్రాలలోనూ తప్ప దక్షిణాదిన లేదు. పైగా మీరు రాసిన రెండు గుర్తులు సందేహానికి తావు లేకుండా చేస్తున్నాయి. మోల్ దుంపలు తినదు, ప్లాస్టిక్ గొట్టం కొరకదు. దుంపలు తిని, గొట్టం కొరికి, రాత్రిపూట మెత్తని మట్టిని కుప్పగా పోసి కన్నం నోరు మూసుకునే జంతువు మనకు చిన్ననాటి నుంచి తెలిసిన పందికొక్కు. ఇంగ్లీషులో ‘బ్యాండికూట్’ అనే మాట మన ‘పందికొక్కు’ నుంచే పుట్టింది. మన మాట వారి నిఘంటువులకెక్కింది కానీ, వారి తోటలలోని జంతువు మన తోటలలోకి రాలేదు.

ఈ తేడా పట్టుకోవడం ఎందుకు ముఖ్యమంటే, మోల్‌కు చెప్పే ఉపాయాలు చాలా వరకు దాని తిండిని ఆధారం చేసుకున్నవి. ఆముదం ద్రావణం మట్టిలోని పురుగుల రుచి, వాసన మార్చి మోల్‌ను దూరం చేస్తుందన్న భావనతో వాడతారు. గడ్డి దుంపలు, వేళ్లు, వంటింటి వ్యర్థాలు, గింజలు ఏది దొరికితే అది తినే పందికొక్కుకు దానితో పని లేదు. శబ్దం చేసే పరికరాలకు అది కొద్ది రోజులలోనే అలవాటు పడుతుంది. కలరా ఉండలు వేయడం వల్ల మట్టి కలుషితమవుతుంది తప్ప ఫలితం ఉండదు. గాజు పెంకులు కన్నాలలో కూరడం మన ఊళ్లలో ఇప్పటికీ కనిపించే అలవాటు. పందికొక్కు పక్క నుంచి మరో దారి తవ్వుకుంటుంది, ఆ పెంకులు మాత్రం ఏళ్ల తరబడి నేలలోనే ఉండి రేపు మీ మనవరాలి కాలికి గుచ్చుకుంటాయి.

పందికొక్కులలో రెండు రకాలు ఉన్నాయి. పెద్దది కిలో బరువు వరకు పెరిగి కాలువల దగ్గర, చెత్త కుప్పల దగ్గర, పాత గోడల కింద తిరుగుతుంది. చిన్నది సాధారణంగా పావు కిలో నుంచి 400 గ్రాముల వరకు ఉంటుంది, పొలాలలోనూ తోటలలోనూ ఎక్కువగా నష్టం చేసేది ఇదే. మొద్దు మూతి, ముదురు గోధుమ రంగు, శరీరం కంటే పొట్టి తోక దీని లక్షణాలు. బెదిరిస్తే వెంట్రుకలు నిక్కపొడిచి గుర్రుమంటుంది. మీ దగ్గర ఉన్నది ఇదేనని నా అంచనా. సాధారణంగా ఒక కలుగులో ఒకే పెద్ద పందికొక్కు ఉంటుంది, లేదా తల్లీ పిల్లలు ఉంటాయి. కాబట్టి ఇరవై కుప్పలు కనిపించినంత మాత్రాన ఇరవై జంతువులు ఉన్నాయని భయపడనవసరం లేదు, ఒకటి రెండు చాలు. అయితే గర్భకాలం దాదాపు మూడు వారాలే, ఈతకు అయిదు నుంచి పది వరకు పిల్లలు పుట్టవచ్చు కనుక ఉపేక్షిస్తే మీ అంచనా త్వరలోనే తప్పుతుంది.

వానాకాలంలోనే ఇది మొదలవడానికీ కారణం ఉంది. వర్తూరు వైపు చెరువుల చుట్టూ, రాజకాలువల (వాన నీరు పారే పెద్ద కాలువల) గట్ల వెంట, ఇళ్ల మధ్య పొదలు పెరిగిన ఖాళీ స్థలాలలో ఇవి కాపురముంటాయి. వాన నీరు కలుగులలో చేరగానే ఎత్తయిన, నీరు నిలవని, మట్టి మెత్తగా ఉన్న చోటును వెతుక్కుంటూ వస్తాయి. కొత్తగా ఎర్రమట్టి, పశువుల ఎరువు పోసి చదును చేసి రోజూ తడిపే పచ్చిక వాటికి తయారుగా పెట్టిన ఇల్లు వంటిది.

కొక్కును పట్టే ముందు ఏ కలుగులో కాపురం ఉందో తేల్చుకోవాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మామూలు ఎలుకల విషయంలో సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, తెల్లవారి ఏవి తెరుచుకున్నాయో చూస్తాము, తెరుచుకున్నవే కాపురమున్నవి. పందికొక్కు లోపల ఉన్నప్పుడు తానే మట్టితో నోరు మూసుకుంటుంది కనుక మూసి ఉన్న కన్నం ఖాళీ అనుకోవడానికి వీలు లేదు. కాబట్టి మీరు దీనికి ఎదురు పద్ధతి పాటించాలి. తాజాగా, తడిగా ఉన్న ప్రతి మట్టి కుప్పను గడ్డపలుగుతో మెల్లగా పక్కకు లాగి, కింద ఉన్న సొరంగపు నోరు కనబడేలా తెరిచి, పక్కన ఒక పుల్ల గుర్తుగా గుచ్చండి. మరుసటి ఉదయం ఆ నోరు మళ్లీ మట్టితో మూసి ఉంటే లోపల జంతువు ఉన్నట్టు. రెండు రోజులపాటు తెరిచినది తెరిచినట్టే ఉంటే ఆ కలుగు పాతది, దానికి మందు గానీ శ్రమ గానీ వృథా చేయవద్దు. చేయి మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ లోపల పెట్టకండి. వదిలేసిన కలుగులలో నాగుపాములు, జెర్రిపోతులు చేరడం మన ప్రాంతంలో మామూలు విషయం. జెర్రిపోతు కనిపిస్తే కొట్టించకండి, అది విషం లేనిది, ఈ పనిలో మీకంటే నేర్పరి. ఏ పాము కనిపించినా పాములు పట్టడంలో శిక్షణ ఉన్నవారిని పిలవడమే మేలు.

పసిపాప, కుక్క తిరిగే ఇంట్లో నేను మొదట సిఫారసు చేసేది బోనే, విషం కాదు. బలమైన తీగతో చేసిన, కనీసం ఒకటిన్నర అడుగు పొడవున్న బోను తీసుకోండి. చుంచెలుకలకు వాడే చిన్న బోను దీనికి చాలదు. కొత్త వస్తువును చూస్తే దీనికి అనుమానం ఎక్కువ. కాబట్టి మొదటి రెండు మూడు రాత్రులు బోను తలుపును తీగతో కట్టి తెరిచే ఉంచి, లోపల కాల్చిన ఎండుకొబ్బరి, ఎండుచేప, వేరుశనగ పప్పు లేదా మిగిలిన బజ్జీ ముక్క పెట్టండి. ఎర మాయమవుతున్నదని నిర్ధారించుకున్న తరువాతనే నాలుగో రాత్రి తలుపు బిగించండి. బోనును పచ్చిక మధ్యలో కాక ప్రహరీ గోడ అంచున, అది నడిచే దారికి అడ్డంగా ఉంచాలి. సాయంత్రం కుక్కను కట్టేశాక పెట్టి, తెల్లవారగానే తీసేయండి. పట్టుబడిన దానిని మరో వీధిలో వదలడం పొరుగువారికి అన్యాయం చేయడమే, చీడ నివారణ సిబ్బందికి అప్పగించండి. జిగురు అట్టలు వాడవద్దని గట్టిగా చెబుతాను. పెద్ద పందికొక్కు వాటిని ఈడ్చుకుని పోతుంది, ఉడుతలు, పిట్టలు మాత్రం అంటుకుని గంటల తరబడి యాతన పడి చస్తాయి.

బోనుకు రెండు వారాలలో ఫలితం కనిపించకపోతే అప్పుడు బ్రోమాడియోలోన్ 0.005 శాతం ఉండే, తయారుగా దొరికే మైనపు బిళ్లల ఎరను వాడవచ్చు. గోదాము బిళ్లలకూ దీనికీ పోలిక లేదు. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసి మూడు నుంచి పది రోజులలో చంపుతుంది, అందువల్ల కొక్కుకు అనుమానం రాదు. కాపురమున్న కలుగు ఒక్కొక్కదానిలో 15 నుంచి 20 గ్రాముల ఎరను కాగితంలో పొట్లం కట్టి, పొడవైన కర్రతో చేయి అందనంత లోపలికి నెట్టి, నోటిని మట్టితో మూయాలి. వారం పది రోజుల తరువాత మళ్లీ తెరిచి చూసి, కాపురం ఇంకా ఉంటే రెండోసారి పెట్టాలి. పైన ఎక్కడా ఎర చల్లకూడదు. ఆ పది రోజులు కుక్కను పచ్చికలోకి ఒంటరిగా వదలకండి, ఎందుకంటే ఎర తిన్న కొక్కును తిన్నా దానికి ప్రమాదమే. పాప గానీ కుక్క గానీ తిన్నట్టు ఏమాత్రం అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా మందు డబ్బాతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లండి, దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. పొలం ఉన్న పాఠకులు ఇదే మందును 0.25 శాతం గాఢతలో కొని 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు చొప్పున కలుపుకుంటారు. జింక్ ఫాస్ఫైడ్ కూడా పొలాలలో వాడేదే కానీ, దానికి విరుగుడు లేదు, తిని బతికిన కొక్కు మళ్లీ ఆ ఎర ముట్టదు. మీ పెరడుకు అది తగదు.

కలుగులలో నీరు నింపి వెళ్లగొట్టడం పల్లెల్లో చేసేదే. ఇంటి పునాదికి దగ్గరగా ఉన్న చోట మాత్రం వద్దు, కింద మట్టి కుంగవచ్చు.

ఒక దానిని పట్టినా ఖాళీ అయిన కలుగును చూసి మరొకటి వస్తుంది. కాబట్టి దానికి మీ ఇంట్లో తిండి, చోటు లేకుండా చేయాలి. కుక్క తిన్న గిన్నెను రాత్రి బయట ఉంచకండి. పావురాలకు గింజలు చల్లే అలవాటు మీకు గానీ పక్కవారికి గానీ ఉంటే ఆపండి. వంటింటి వ్యర్థాలతో ఎరువు చేస్తుంటే మూత ఉన్న డబ్బాలో, అడుగున తీగ వల వేసి చేయండి. ప్రహరీని ఆనుకుని రెండడుగుల వెడల్పున గడ్డి, పొదలు తీసేసి గులకరాళ్లు పరిస్తే మరుగు లేని ఆ దారిని దాటడానికి అది జంకుతుంది. మురుగు గొట్టాల నోళ్లకు అర అంగుళం కన్నాల ఇనుప జాలీ బిగించండి. పక్క ఖాళీ స్థలం వైపు, ప్రహరీ వెంట కందకం తవ్వి అర అంగుళం కన్నాల జింకు పూత తీగ వలను రెండడుగుల లోతుకు దించి, కింది అంచును ఒక అడుగు బయటి వైపుకు వంచి మట్టి కప్పితే తవ్వుకుంటూ వచ్చేవాటికి అదొక గోడ అవుతుంది. ఖర్చుతో కూడినదే అయినా మీ స్థలానికి ఇది ఒకసారి పెట్టే ఖర్చు. ఇరుగుపొరుగు నాలుగైదు ఇళ్లవారు ఒకే వారంలో బోనులు పెట్టగలిగితే ఫలితం చాలా బాగుంటుంది. మీ సంఘంలో ఈ మాట మీరే ఎత్తండి.

ఒక జాగ్రత్త. మట్టి ఎత్తేటప్పుడు రబ్బరు తొడుగులు, మూసిన బూట్లు తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసిన తడి మట్టి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం సోకుతుంది. చర్మంపై పుండు ఉన్నప్పుడు ఆ పని మానుకోండి, వానాకాలం తగ్గేవరకు పాపను ఆ మట్టిలో ఉత్త కాళ్లతో ఆడనివ్వకండి. పని చేసిన కొన్ని రోజులకు జ్వరం, కండరాల నొప్పులు వస్తే ఎలుకల మట్టిలో పని చేసిన సంగతి డాక్టరుకు చెప్పండి. చచ్చిన కొక్కు కనిపిస్తే తొడుగుతో తీసి రెండడుగుల లోతున పూడ్చాలి.

అన్ని కుప్పలూ ఈ జంతువువే కాకపోవచ్చు. చిన్న చిన్న గుళికలుగా కనిపించే మట్టి వానపాముల విసర్జన, అది నేలకు బలం, వదిలేయండి. ఎక్కడైనా గడ్డి పసుపు తిరిగి చేతితో లాగితే చాపలా లేచి వస్తుంటే కింద తెల్లని వేరుపురుగులు ఉన్నాయేమో అడుగు చదరపు మేర తవ్వి చూడండి. రాత్రి కీచు కీచుమంటూ పొడవైన ముక్కుతో గోడ వెంట పరుగెత్తే, ఘాటైన వాసన వేసే చిన్న ప్రాణి కనిపిస్తే అది పురుగులను తినేది, దానిని చంపవద్దు.

కలుగులు ఖాళీ అయ్యాయని వరుసగా పది రోజులు నిర్ధారించుకున్న తరువాత పచ్చిక బాగుచేసుకోండి. సొరంగం మీద కాలితో తొక్కి కూల్చి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక కలిపి పొరలు పొరలుగా నింపి, ప్రతి పొరను దిమ్మిస చేయండి. వదులుగా నింపితే మొదటి వానకే గుంట పడుతుంది. పైన నాలుగంగుళాల దూరంలో మెక్సికన్ గడ్డి పిలకలు నాటితే రెండు మూడు నెలలలో అల్లుకుంటుంది. నీరు ఉదయమే పెట్టండి, రోజు విడిచి రోజు చాలు. కొత్త కుప్ప కనబడితే ఆ రోజే తెరిచి పుల్ల గుచ్చండి. రెండో రోజు కూడా నోరు మూసుకుంటే బోను మళ్లీ గోడ పక్కకు చేర్చండి.